జీడితోటలో ట్రాప్ కెమెరా: పద్నాలుగు నెలలు వాడాక

ముందే చెప్పేస్తున్నాను, ఐదుకి మూడున్నర మార్కులు. కోసిన ఒకటిన్నరలో ఒక మార్కు తేదీకి, అర మార్కు చీమలకి.

నేను ప్లాంటులో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరైనవాణ్ని. ఉండేది విశాఖ మధురవాడలో. ఆనందపురం దాటాక కొండవార మాకు తాతల నాటి నాలుగెకరాల జీడితోట ఉంది. తోట చూసుకునే ముసలాయనా, ఆయన ఇల్లాలూ అక్కడే పాకలో ఉంటారు. వాళ్లకి పద్దెనిమిది మేకలు. ఆయన నాకు చుట్టమేమీ కాదు, అయినా చిన్నప్పటి నుంచీ మావా అనే పిలుస్తాను.

కెమెరా కొన్నది చిరుతపులి కోసం కాదు, దొంగ కోసం. రాత్రి రాలిన జీడిపిక్కలు పొద్దున్నకి మాయమవుతున్నాయి. మావని అడిగితే పందులు అంటాడు. పందులు పండు తిని పిక్క వదిలేయాలి కదా, ఇక్కడ పండు ఉంటోంది, పిక్క పోతోంది. ఈ లెక్క తేల్చుకుందామని ఆన్‌లైన్‌లో కొన్నాను. 6,800 రూపాయలు పడింది. కంపెనీ పేరు రాయడం లేదు. రాసినా ఉపయోగం లేదు, ఇదే డబ్బా నాలుగు పేర్లతో, నాలుగు రేట్లకి దొరుకుతోంది.

వస్తువు సంగతి. ఇటుకలో సగం ఉంటుంది, మిలిటరీ మచ్చల రంగు. పైన వరసగా ఎల్‌ఈడీలు, మధ్యలో లెన్సు, కింద వేడిని పసిగట్టే సెన్సారు. దానితో వచ్చిన బెల్టుతో చెట్టుకి మోకాలెత్తులో కట్టాను. వెచ్చటి ఒళ్లేదైనా దాని ముందు కదిలితే ఫొటో తీస్తుంది. పగలు రంగుల్లో, రాత్రి నలుపు తెలుపుల్లో. డబ్బా మీద 36 మెగాపిక్సెల్ అని పెద్దక్షరాలతో వేశారు. నమ్మకండి. లోపలి సెన్సారు అంతది కాదు, చిన్న బొమ్మని సాఫ్ట్‌వేర్‌తో సాగదీస్తుంది. 36లో పెట్టినా 12లో పెట్టినా పంది అదే పంది, మెమరీ కార్డు మాత్రం తొందరగా నిండిపోతుంది.

కొనేటప్పుడు అడగాల్సింది మెగాపిక్సెల్ కాదు, ఎల్‌ఈడీలు 850 నానోమీటర్లవా 940వా అని. 850 అయితే ఫొటో దూరం వరకూ వస్తుంది, కానీ తీసేటప్పుడు చీకట్లో సన్నటి ఎర్ర వెలుగు కనిపిస్తుంది. 940 అసలు కనిపించదు, దూరం మాత్రం తగ్గుతుంది. నాది 940. జంతువుల సంగతెలా ఉన్నా, మనుషుల దగ్గర ఇదే మంచిదని తర్వాత తెలిసింది.

ఎనిమిది పెన్సిల్ సెల్స్ పడతాయి. కిరాణా కొట్లో దొరికే మామూలువి తొమ్మిది రోజులకే చచ్చాయి. ఆల్కలైన్‌వి రెండు నెలల పైన వచ్చాయి. ఛార్జింగ్ సెల్స్ వేద్దామనుకునేవాళ్లకి ఒక మాట. అవి ఒక్కోటి ఒకటిన్నర కాదు, 1.2 వోల్టులే. నాలుగు వరసగా కలిపితే ఆరు వోల్టులు రావాల్సిన చోట 4.8 వస్తుంది. పగలు సర్దుకుంటుంది గానీ, రాత్రి ఎల్‌ఈడీలన్నీ ఒక్కసారి వెలగాలంటే నీరసపడిపోతుంది.

మే నెలలో ఇంకో ఇబ్బంది. సెన్సారు చూసేది ఒంటి వేడికీ, చుట్టుపక్కల వేడికీ ఉన్న తేడాని. మిట్టమధ్యాహ్నం నేల, చెట్టు, మేక అన్నీ ఒకే వేడికి వచ్చేస్తే దానికి ఏమీ తెలియదు. మావ ఎదురుగా నిలబడి చేతులూపినా తీయలేదు. అదే మధ్యాహ్నం ఎండ పడిన కొమ్మ గాలికి ఊగితే మూడొందల ఫొటోలు తీసింది. ఉత్తరం వైపు తిప్పి, ఎదురుగా ఉన్న తుప్పలు నరికాక నయం. ఇక చీమలు. జీడిచెట్టు మీద ఆకులు కుట్టుకునే ఎర్ర చీమలకి ఈ బెల్టు ఎంత నచ్చిందో చెప్పలేను. బెల్టు కిందా, బ్యాటరీ మూత అంచులోనూ కాపురం పెట్టాయి. కార్డు తీయడానికి వెళ్లిన ప్రతిసారీ మోచేతి దాకా కుట్టించుకోవడమే. రబ్బరు అంచు ఇంకాస్త బిగువుగా ఉండుంటే ఆ అర మార్కు కోసేవాణ్ని కాదు.

సరే, ఏం కనిపించింది?

నిజం చెప్పాలంటే మొదటి రెండు నెలలు బోరు కొట్టింది. ముంగిస, మానుపిల్లి, నక్క, ఒక రాత్రి ముళ్లపంది. పందుల గుంపు నాలుగుసార్లు. మిగతావన్నీ కుక్కలే. పక్క లేఅవుట్ల నుంచి, రోడ్డు పక్క పారేసే కోళ్ల వ్యర్థాల దగ్గర నుంచి వచ్చే కుక్కలు, అయిదూ ఆరూ గుంపుగా. నేను చూడాలనుకున్నది చెవులపిల్లిని, అదే కుందేలుని. రెండు నెలల్లో ఒక్కటీ పడలేదు.

నా చిన్నప్పుడు ఇదే తోటలో మా తాత పెట్రోమాక్స్ దీపం, వల పట్టుకుని బయల్దేరితే, ఒట్టి చేతులతో తిరిగొచ్చిన రాత్రి నాకు గుర్తు లేదు. చెవులపిల్లి, కౌజు, పూరేడు. గెడ్డ (వాగు) దాటి పైకెళ్తే కొండగొర్రె, జింకలాంటిది. దీపం పట్టింది నేనే, తిన్నదీ నేనే. వన్యప్రాణుల చట్టం 1972లోనే వచ్చింది. ఆ కబురు మా ఊరు చేరడానికి ఇంకో పాతికేళ్లు పట్టింది. కాబట్టి వేటగాళ్లని తిట్టే హక్కు నాకు పెద్దగా లేదు. కానీ మేం వల పట్టుకుని తిరిగిన రోజుల్లో చుట్టూ తుప్పలుండేవి, గట్ల మీద మోకాలెత్తు గడ్డి ఉండేది. ఇప్పుడు జీడి కింద నేల అద్దంలా ఉండాలని కలుపు మందు కొడుతున్నారు. నేనూ కొట్టాను, మూడేళ్లు వరసగా. కొండ మీద గడ్డి వేసవి ముందు తగలబెడతారు. సరుగుడు, నీలగిరి తోటల కింద గడ్డే ఉండదు. ఇక కుందేలు పిల్లల్ని ఎక్కడ పెడుతుంది? పెట్టినా కుక్కలుంటాయి.

"ఎక్కడివి బాబూ, అన్నీ పోనాయి. కుక్కలకి మిగిల్తే ఉచ్చులకి, ఉచ్చులకి మిగిల్తే కుక్కలకి" అన్నాడు మావ.

మూడో నెలలో ఒక విచిత్రం. కుక్కల గుంపు ఆరు నుంచి నాలుగైంది, తర్వాత మూడు. ఆ పదిహేను రోజుల కార్డు ఇంటికి తెచ్చి, అన్నం తింటూ ఒక్కో ఫొటో చూస్తున్నాను. కుక్క, కుక్క, కొమ్మ, కొమ్మ, చిరుతపులి.

అన్నం అక్కడితో సరి. ఎడమ పక్క నుంచి నడిచి వెళ్తోంది, తోక చివర కాస్త పైకి వంచి, తొందరేమీ లేకుండా. టైము 2:47. తేదీ, 2020 జనవరి 1.

ఆ ఒక మార్కు ఇక్కడ పోయింది. సెల్స్ మార్చినప్పుడల్లా ఈ కెమెరా గడియారం మొదటికొస్తుంది. ప్రతిసారీ మనమే పెట్టాలి, నేను మర్చిపోయాను. ఊళ్లో ఫొటో చూపిస్తే కుర్రాళ్లు తేదీ చూసి నవ్వారు, ఇంటర్నెట్‌లోది దించుకొచ్చావు పెదనాన్నా అని. వాళ్లననీ లాభం లేదు. 2022లో కాకినాడ జిల్లా ప్రత్తిపాడు వైపు నుంచి బయల్దేరిన పెద్దపులి అనకాపల్లి జిల్లా మీదుగా విజయనగరం వైపు వెళ్లినప్పుడు, ఎక్కడెక్కడి పులుల ఫొటోలో మా ఊరి ఫోన్లలో తిరిగాయి. కంపెనీకి మెయిల్ పెట్టాను. మీ అభిప్రాయానికి కృతజ్ఞతలు అని ఒకటి వచ్చింది, అంతే.

ఫారెస్టు వాళ్లు మాత్రం నవ్వలేదు. వచ్చి గెడ్డ ఒడ్డున తడి ఇసకలో అడుగులు వెతికారు. గుండ్రటి అడుగులు, గోళ్ల గుర్తులు లేవు. కుక్క అడుగైతే గోళ్లు పడతాయి, పిల్లిజాతి నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుందని చూపించారు. విశాఖ పక్కనున్న ఈ కంబాలకొండ అభయారణ్యం మొత్తం కలిపి దాదాపు 71 చదరపు కిలోమీటర్లే. ఒకవైపు సిటీ, ఒకవైపు ఆరు లైన్ల రోడ్డు, మిగతాచోట లేఅవుట్లు. చిరుతకి దుప్పో, కొండగొర్రో, అడవిపంది పిల్లో దొరికినంత కాలం ఊరి వైపు రావాల్సిన పని తక్కువ. అవి తగ్గితే దానికి సరిపోయే సైజులో, కాపలా లేకుండా, చీకట్లో తిరిగేది కుక్కే.

మావ ఇది నాకంటే ముందే పట్టేశాడు. "ముందు కుక్కల్ని తింటాది బాబూ. అవైపోనాక మన సాలకొస్తాది."

అక్కడి నుంచి టెన్షన్ మొదలైంది. డాబాగార్డెన్స్‌లో ఒక కొట్లో రంగురంగులుగా మిణుకుమనే సోలార్ లైట్లు రెండు కొన్నాను, జంతువులు బెదిరిపోతాయన్నారు. మూడు వారాలు ఏమీ రాలేదు. నాలుగో వారం కెమెరాని అటు తిప్పి పెడితే, లైటు కిందే నక్క కూర్చుని కాలు నాక్కుంటోంది. ఆ డబ్బులు గెడ్డలో పోసినట్టే. పనిచేసింది ఇనుప వలే. మేకల సాలకి తాటాకు కప్పు మీద, నాలుగు వైపులా చైన్‌లింక్ వేయించి, తలుపుకి గడియ పెట్టించాను. ఖర్చు కెమెరాకి అయిదింతలైంది. చిరుత లోపల దూరిందంటే ఒక్క మేకతో పోదు, గందరగోళంలో అందినవన్నీ కొరికేస్తుంది. ఇప్పటికి పద్దెనిమిదీ ఉన్నాయి, ఈనినవి వేరే.

చిరుత తర్వాత ఇంకో మూడుసార్లు పడింది. ఇక్కడ కెమెరాకి పూర్తి మార్కులు. చిరుత ఒంటి మీది మచ్చలు మన వేలిముద్రల్లాంటివి, ఏ రెండింటికీ ఒకేలా ఉండవు. ఫొటోలు కంప్యూటర్లో పక్కపక్కన పెట్టి, కుడి డొక్క మీద మూడు మచ్చలు కలిసి తాళం చెవిలా ఉండటం చూశాను. రెండు ఫొటోల్లో అదే తాళం చెవి. మూడో దాంట్లో అది కుడి నుంచి ఎడమకి వెళ్తోంది, అంటే పడింది రెండో డొక్క. కుడి ఎడమలు ఒకేలా ఉండవు కాబట్టి అది అదేనో, ఇంకోటో చెప్పలేం. ఊళ్లో మాత్రం అప్పటికే మూడు చిరుతలు, రెండు పిల్లలు అని లెక్క తేలిపోయింది.

ఇక మొదటి ప్రశ్న, జీడిపిక్కలు. ఆ జవాబు ఆరో నెలలో దొరికింది. తెల్లవారుజాము 4:10. మోకాలెత్తులో కట్టాను కదా, మొహం పడలేదు. ఎగ్గట్టిన లుంగీ, గోనెసంచి, రెండో చేతిలో చుట్టగా బైకు క్లచ్ వైర్లు. మోకాలి కింద పొడుగ్గా కుట్ల మచ్చ. ఆ కాలు విరిగినప్పుడు కేజీహెచ్ ఆసుపత్రిలో నాలుగు రాత్రులు మంచం పక్కన కూర్చున్నది నేనే. మా పిన్ని కొడుకు.

పిక్కల గురించి అడగలేదు. కంచె వెంట తిరిగి, సందు సందుకీ కట్టిన ఉచ్చులు పదకొండు విప్పాను. ఒకదాంట్లో మానుపిల్లి, ఎండిపోయి. వైర్లన్నీ చుట్టచుట్టి పిన్ని ఇంటికెళ్లి అరుగు మీద పెట్టాను. "పందుల కోసమే కదరా" అంది. పంది కోసం కట్టిన ఉచ్చులో చిరుత పడితే దాన్ని వదిలించడానికి దగ్గరికెవరు వెళ్తారు పిన్నీ, చస్తే మూడేళ్లకి తగ్గని జైలు అన్నాను. ఆవిడ టీ పెట్టింది. వాడు ఇంట్లో లేడన్నారు. లోపల ఫ్యాను తిరుగుతోంది. ఆ ఫొటో ఇంకా కార్డులోనే ఉంది, ఎవరికీ చూపించలేదు. ఇది కూడా ఈ వస్తువు గురించి తెలుసుకోవాల్సిన విషయమే. మీరు ఎవరి కోసం కట్టారో వాళ్లనే తీస్తుందన్న గ్యారంటీ లేదు.

ఎవరు కొనొచ్చంటే, కొండవార సొంత తోట ఉండి, పదిహేను రోజులకోసారైనా వెళ్లి కార్డు తీయగలిగినవాళ్లు. ఫోనుకి వెంటనే మెసేజీ రావాలనుకుంటే ఇది పనికిరాదు, సిమ్ పడే మోడల్ వేరే ఉంది. మా తోటలో సిగ్నలే అంతంతమాత్రం. అడవిలో పెడదామని మాత్రం చూడకండి, అభయారణ్యంలో అనుమతి లేకుండా అడుగు పెట్టడమే నేరం. చిరుత పడితే ఫారెస్టు వాళ్లకి చూపించండి, గ్రూపుల్లో పెట్టకండి. నేను పెట్టి చూశాను, ఆదివారానికి పాతిక బైకులొచ్చాయి.

ఈ ఏడు కలుపు మందు కొట్టలేదు. గడ్డి పెరిగింది, పిక్కలు ఏరడం కష్టంగా ఉందని మావ ఇల్లాలు సణుగుతోంది. పోయిన నెల రాత్రి 9:20కి చెవులపిల్లి పడింది, ఒకే ఒక్కటి, చెవులు నిక్కబొడుచుకుని కెమెరా వైపే చూస్తూ. నలభై సెకన్ల తర్వాతి ఫొటోలో రెండు కుక్కలు, అదే దిక్కుకి. తర్వాతి ఫొటో తెల్లారి మావది.

రెండో కెమెరా ఆర్డరు పెట్టాను, అదే మోడల్. దారికి అవతల చెట్టుకి, మొదటిదానికి ఎదురుగా కడతాను, ఎడమ డొక్క కోసం. ఈసారి ఇనుప పెట్టె, తాళం కూడా తీసుకున్నాను. బెల్టుకి గ్రీజు పూస్తే చీమలు ఎక్కవని మావ అంటున్నాడు. చూడాలి.