పరమాణువాదం ఆన్‌లైన్ కోర్సు: మొదటి సగం కోసమే కొనండి

ఐదుకి మూడున్నర ఇస్తున్నా. ఆ మూడున్నరా, వస్తువులన్నీ ఇక విడగొట్టలేని పరమాణువులతో అయ్యాయని చెప్పిన మన వైశేషిక దర్శనం పాఠాలకే.

ఆ దర్శనానికి మూలపురుషుడైన కణాదుడి పేరు చూడగానే "డాల్టన్ కంటే ముందే మనవాళ్లు కనిపెట్టేశారు" అనే ఉపన్యాసం తప్పదేమో అనుకున్నా. సార్ ఆ గోల జోలికే పోలేదు. వస్తువుని ముక్కలు చేసుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట ఆగి తీరాలని వైశేషికులు ఎందుకు పట్టుబట్టారో, నేరుగా అందులోకే దిగారు. ఆగకపోతే ఆవగింజలోనూ అంతులేనన్ని ముక్కలే, మేరు పర్వతంలోనూ అంతులేనన్ని ముక్కలే, మరి రెండింటికీ సైజులో తేడా ఎక్కణ్ణుంచి వచ్చినట్టు? ముక్కల లెక్క వేరు, కొలత వేరు అని ఇవాళ లెక్కల మాస్టారు జవాబు చెప్పగలరు, సార్ కూడా ఆ మాట దాచలేదు. అయినా ఆ రోజుల్లో వేసిన ప్రశ్నగా చూస్తే గట్టి ప్రశ్నే.

కిటికీలోంచి పడే ఎండలో తేలే నలక ఉంటుంది చూడండి, వాళ్ల లెక్కలో కంటికి కనిపించేవాటిలో అదే అతి చిన్నది, త్ర్యణుకం. రెండు పరమాణువులు కలిస్తే ద్వ్యణుకం, మూడు ద్వ్యణుకాలు కలిస్తే ఈ నలక. అంటే పరమాణువు నలకలో ఆరో వంతు.

కోర్సు మొత్తానికి హైలైట్ కుమ్మరి ఆవం దగ్గర తీసిన వీడియో. బూడిదరంగు పచ్చికుండ ఎర్రగా కాలి బయటికొస్తుంది, మరి రంగు మారింది దేనికి? వేడికి కుండ పరమాణువులుగా విడిపోయి, వాటి రంగు మారి, మళ్లీ అవే కలిసి కుండైందంటారు వైశేషికులు. కుండ కుండలాగే ఉండి రంగు మారిందంటారు నైయాయికులు, అంటే న్యాయ దర్శనం వాళ్లు, మధ్యలో విడిపోతే దాని మీద పేర్చిన కుండలు కూలిపోవాలి కదా అని అడుగుతారు. అడగరూ మరి! వీడియోలో ఆవం లోపల ఒకదాని మీద ఒకటి పేర్చిన కుండలు చూస్తూ ఈ మాట వింటే వాదన ఇట్టే బుర్రకెక్కుతుంది. పరమాణువాదం మీద బౌద్ధ తాత్త్వికుడు వసుబంధు కొట్టిన దెబ్బ కూడా బాగా చెప్పారు: ఒక పరమాణువుకి ఆరు వైపుల నుంచి ఆరు అంటుకుంటే దానికి ఆరు భాగాలున్నట్టే, అన్నీ ఒకేచోట ఉంటే ఎంత పెద్ద ముద్దైనా ఒక్క పరమాణువంతే. న్యాయ వైశేషికాలకి పరిచయ గ్రంథమైన తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు తెలుగువాడని పండితులు చెబుతారు, ఆయనకి మాత్రం ఒక్క స్లైడే. తెలుగు కోర్సు అయ్యుండి ఇదేం పిసినారితనమో.

గ్రీకుల దగ్గరికొచ్చేసరికి హడావుడి. లూసిపస్, డెమోక్రిటస్, ఎపిక్యురస్ ముగ్గురూ ఒకే వీడియోలో. తీపి, చేదు లాంటివి మనం అనుకునేవే, నిజంగా ఉన్నవి పరమాణువులూ శూన్యమే అన్నాడు డెమోక్రిటస్. వైశేషికంలో అలా కాదు, పృథ్వీ పరమాణువుకి వాసన నిజంగానే ఉంటుంది. ఇంత పెద్ద తేడాని పక్కపక్కన పెట్టి చూపించకపోతే రెండూ ఒకే కోర్సులో ఎందుకు?

చివరి పాఠం ఇంకా నిరాశ. 1897లో థామ్సన్ ఎలక్ట్రాన్‌ని కనుక్కున్నాడు కాబట్టి పరమాణువు విడదన్న పాతవాళ్ల మాట తప్పని తేల్చేశారు. కానీ అక్కడ విడిపోయింది కెమిస్ట్రీవాళ్లు పరమాణువని పేరుపెట్టినది. ఇక విడగొట్టలేనిదంటూ ఒకటుందా అన్న అసలు ప్రశ్న ఎక్కడికీ పోలేదు, ఎలక్ట్రాన్‌కి లోపల భాగాలున్నట్టు ఇప్పటిదాకా ఏ ప్రయోగంలోనూ తేలలేదు.

సంస్కృతం రాకపోయినా టెన్షన్ లేదు, సూత్రాలకి అర్థం స్క్రీన్ మీద వస్తుంది. పీడీఎఫ్ మాత్రం నమ్ముకోకండి, అచ్చుతప్పుల పుట్ట.