డబ్బా మీద బీఫ్, డబ్బాలో ఉప్పు: పరాయి దేశంలో స్టాక్ కోసం నా తిప్పలు

ముందే చెప్పేస్తున్నాను, బీఫ్ స్టాక్ (మాంసం, ఎముకలు గంటల తరబడి మరిగించి తీసే సారం) మూడు రకాలు కొన్నాను, అందులో ఒక్కటే మళ్ళీ కొంటాను, అది కూడా దేనికోసం కొన్నానో దానికి కాదు. బయటి నుంచి వచ్చే బీఫ్ మీద ఆంక్షలున్న దేశంలో ఉంటూ స్టాక్ కోసం వెతికేవాళ్ళకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను. కంపెనీల పేర్లు కావాలనే రాయడం లేదు. ఒకే పేరుతో ఒక్కో దేశంలో ఒక్కో రకం సరుకు అమ్ముతారు, తెలిసిన పేరే కదా అని ధైర్యంగా కొంటే బోల్తా పడతారు, నేను పడ్డాను.

మొదటిది క్యూబులు, వేడినీళ్ళలో కరిగించుకునే గట్టి బిళ్ళలు. డబ్బా మీద నిగనిగలాడే మాంసం ముక్క బొమ్మ, పక్కన బీఫ్ అని బొద్దు అక్షరాలు. ఇంటికొచ్చాక ఫోన్ టార్చ్ వేసుకుని వెనకవైపు చీమతలకాయంత అక్షరాలు కూడబలుక్కుంటే ఉప్పు, పామాయిల్, మోనోసోడియం గ్లూటమేట్, చక్కెర, ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్, కారమెల్ రంగు, ఉల్లిపాయ పొడి, చివర్లో ఫ్లేవర్. ముందువైపు అంత గొప్పగా రాసిన బీఫ్ వెనకవైపు ఎక్కడా లేదు. ఏది ఎక్కువ బరువుంటే అది ముందు రాస్తారు కాబట్టి మొదటి మాట ఉప్పు అయితే మనం కొన్నది ప్రధానంగా ఉప్పే. ఆ ఫ్లేవర్‌కి కూడా పశువుతో పని లేదు, సిస్టీన్ లాంటి అమైనో ఆసిడ్‌ని చక్కెరతో కలిపి వేడి చేస్తే వేయించిన మాంసం వాసన వచ్చేస్తుంది. కప్పు వేడినీళ్ళలో ఒకటి కరిగించి చూశాను. వాసనకి ఆశ పుట్టింది, నాలుక మీద పడగానే ఉప్పు, తర్వాత ఒక్క క్షణం మాంసం లాంటిదేదో, మళ్ళీ ఉప్పు. సరే, సగానికి మరిగిస్తే సాస్ అవుతుందేమో అని పొయ్యి మీద పెడితే చిక్కబడలేదు సరికదా ఉప్పు రెట్టింపైంది. పారబోశాను.

గంటల తరబడి మరిగించి తీసిన సారంలో ఏ రోగం బతుకుతుంది, దాన్ని కూడా ఎందుకు ఆపుతారు అని నాకు చాలాకాలం అనుమానం. పశువులకొచ్చే గాలికుంటు వైరస్ అయితే నిజంగానే బాగా ఉడికిస్తే చస్తుంది. కానీ 1986లో బ్రిటన్‌లో బయటపడ్డ మ్యాడ్ కౌ అనే పశువుల మెదడు జబ్బు వేరే బాపతు, దానికి కారణం ప్రయాన్ అనే వంకర తిరిగిన ప్రోటీన్, మన పొయ్యి సెగకి అది లొంగదు. దానికీ మనుషులకొచ్చిన కొత్త మెదడు జబ్బుకీ సంబంధం ఉండొచ్చని 1996 మార్చిలో బ్రిటన్ ప్రభుత్వం ఒప్పుకోగానే యూరప్ దేశాలు బ్రిటిష్ బీఫ్‌ని ఆపేశాయి. 2003 డిసెంబర్‌లో అమెరికాలో మొదటి కేసు దొరికినప్పుడు జపాన్, దక్షిణ కొరియా లాంటి పెద్ద కొనుగోలుదారులు కూడా తలుపులు వేసేశారు. మాంసం ఆగితే సారం కూడా ఆగుతుంది. బీఫ్ సారం పేరు మీదే బతికిన బోవ్రిల్ అనే బ్రిటిష్ ముద్ద సీసాలో 2004లో బీఫ్ తీసేసి ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ పెట్టారు, ఎగుమతి గొడవ ఒక కారణం. 2006లో బ్రిటిష్ బీఫ్ ఎగుమతుల మీద నిషేధం పోయాక మళ్ళీ బీఫ్ వేశారు.

ప్రయాణంలో తెప్పించుకుందామా అంటే అది కూడా చేసి చూశాను. సెలవలకి వెళ్ళొస్తున్న స్నేహితురాలిని ఒక సీసా తెమ్మన్నాను, ఆమె బుద్ధిగా ఫారంలో రాసింది, ఎయిర్‌పోర్టులో తీసుకుని చెత్తబుట్టలో వేశారు. రాసింది కాబట్టి సీసాతో పోయింది, దాచి దొరికిపోయుంటే జరిమానా కూడా నేనే కట్టాల్సి వచ్చేది. ఇంకెవరినీ అడగలేదు.

రెండోది అట్టపెట్టెలో వచ్చే రెడీమేడ్ స్టాక్. రంగు నీళ్ళు. ఇంతకన్నా రాయడానికేం లేదు.

మూడోది సీసాలో ముద్దలా వచ్చేది, నేనుండే దేశంలోనే తయారైంది. ఇందులో మాత్రం ఉప్పు తర్వాత బీఫ్ ఎక్స్‌ట్రాక్ట్ అని ఉంది, శాతం చూస్తే నాలుగే. మొదట నవ్వొచ్చింది కానీ తర్వాత తెలిసిందేంటంటే ఎక్స్‌ట్రాక్ట్ అంటే మామూలు మాంసం లెక్క కాదు, 19వ శతాబ్దంలో జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ పద్ధతిలో కిలో సారం తీయడానికి దాదాపు 30 కిలోల మాంసం పట్టేది, కాబట్టి తక్కువ శాతం చూసి పక్కన పడేయకండి. రుచి నిజమైనదే, కాస్త చేదుగా, లోతుగా ఉంటుంది. లోటల్లా నోట్లో నీళ్ళలా జారిపోవడం, పెదాలకి అంటుకునే ఆ జిగురు లేదు, ఎందుకంటే ఇందులో జిలాటిన్ లేదు.

జిలాటిన్ ఎముకల్లోంచి రావాలి, ఆంక్షలు సరిహద్దు దాటి వచ్చేవాటికే గానీ అక్కడి పశువుల ఎముకలకి కాదు కదా, ఇంత చిన్న విషయం తట్టడానికి నాకు రెండు నెలలు పట్టింది. మాంసం కొట్టే అతన్ని మోకాలి కీళ్ళు అడగండి, మూలుగ ఎముకలు మాత్రమే వేస్తే కొవ్వు తేలుతుంది కానీ స్టాక్ గడ్డకట్టదు. ఓవెన్‌లో 220 డిగ్రీల్లో ముదురు గోధుమ రంగు వచ్చేదాకా కాల్చి, చన్నీళ్ళు పోసి, పైకొచ్చిన తెట్టు తీసేస్తూ సన్నని సెగ మీద ఆరు నుంచి ఎనిమిది గంటలు ఉంచాను. కుతకుతా ఉడకనివ్వకూడదు, బుడగ ఒకటీ అరా వస్తే చాలు. ఉప్పు వేయకండి. వడకట్టి చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టాను, పొద్దున్నే గిన్నె వంచితే ఒలకలేదు, మొత్తం ఒకే ముద్దగా తొణికింది. వంటగదిలో ఒక్కదాన్నే నిలబడి దాన్ని నాలుగైదుసార్లు ఊపి చూసుకున్నాను.

ఇందులో అరచెంచా ఆ సీసా ముద్ద కలిపితే నేను వెతుకుతున్న స్టాక్ అదే. అందుకే ఆ సీసా మళ్ళీ కొంటాను, స్టాక్‌గా కాదు, స్టాక్‌లో వేసే మసాలాగా. దానికి అయిదుకి నాలుగు మార్కులు. అంతసేపు పొయ్యి దగ్గర కాపలా కాయలేనివాళ్ళు రుచీ వాసనా లేని జిలాటిన్ పొడిని చన్నీళ్ళలో నానబెట్టి, ముద్ద కరిగించిన వేడినీళ్ళలో కలపండి, నాలుగు ఎండు షీటాకే పుట్టగొడుగులు కూడా వేస్తే ఇంకా దగ్గరకొస్తుంది. అచ్చంగా అదే కాదు, సాస్‌కి మాత్రం సరిపోతుంది.

అట్టపెట్టెకి ఒకటి. క్యూబులకి రెండు, ఆ రెండూ వాసనకే. డబ్బాలో ఇంకా పదకొండు ఉన్నాయి, బంగాళాదుంపలు ఉడకబెట్టే నీళ్ళలో ఉప్పుకి బదులు ఒక్కోటి వేస్తున్నాను.