స్టౌ మీద బీర్: ఎక్స్‌ట్రాక్టా, పార్షియల్ మాషా, ఆల్ గ్రెయినా – ఏది మేలు?

అమెరికాలో అపార్ట్‌మెంట్ కిచెన్‌లో బీర్ చేద్దామనుకునే మనవాళ్ళు ముందు రెసిపీ అడుగుతారు, నన్నడిగితే ముందు చూసుకోవాల్సింది స్టౌ. ఎందుకంటే ఈ మూడు పద్ధతుల్లో మీకు ఏది కుదురుతుందో చాలావరకు తేల్చేది మీ బర్నర్ ఎన్ని గాలన్లు మరిగించగలదు, మీ దగ్గర ఎంత పెద్ద గిన్నె ఉంది అనేదే, మిగతావన్నీ తర్వాత.

రూల్స్ సంగతి ముందే చెప్పేస్తా. 1978లో కార్టర్ సంతకం పెట్టిన చట్టంతో ఫెడరల్‌గా ఇంట్లో బీర్ చేసుకోవడానికి దారి దొరికింది, ఇంట్లో పెద్దవాళ్ళు ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గాలన్లు, ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువుంటే 200, అమ్మకూడదు అంతే. అలబామా, మిస్సిసిప్పీ మాత్రం 2013 దాకా ఒప్పుకోలేదు. ఇది చదివి విజయవాడలోనో వరంగల్‌లోనో ట్రై చేద్దామనుకుంటే మాత్రం వద్దు, అక్కడ లైసెన్స్ లేకుండా మద్యం తయారుచేస్తే ఎక్సైజ్ కేసు అవుతుంది.

ఇక అసలు విషయం. బీర్ అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ, అంటే మాల్ట్, దాంట్లోని పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చి, ఆ తీపి నీళ్ళని (దీన్నే వర్ట్ అంటారు) చేదు, వాసన ఇచ్చే హాప్స్ అనే పూలతో మరిగించి, చల్లార్చి, ఈస్ట్ వేసి పులియబెట్టడం. పిండి చక్కెరగా మారే పని ఎవరు చేస్తారన్న దాంట్లోనే మూడు పద్ధతులకీ తేడా.

ఎక్స్‌ట్రాక్ట్ అయితే ఆ పని ఫ్యాక్టరీ వాళ్ళు చేసేసి చిక్కటి ద్రవంగానో (ఎల్ఎంఈ) పొడిగానో (డీఎంఈ) అమ్ముతారు, మనం నీళ్ళలో కలిపి మరిగిస్తే చాలు. రెండు మూడు గంటల్లో పని అయిపోతుంది. రంగు కోసం, రుచి కోసం క్రిస్టల్ మాల్ట్ లాంటివి గుడ్డ సంచిలో కట్టి అరగంట వేడినీళ్ళలో నానబెట్టొచ్చు, వాటిలో చక్కెర ముందే తయారై ఉంటుంది కాబట్టి. మొట్టమొదటి బ్యాచ్‌కి నేనైతే ఇదే చేయమంటా, ఎందుకంటే శానిటైజర్, ఈస్ట్, బాట్లింగ్ ఇవన్నీ నేర్చుకోవడమే ఒక పెద్ద పని, దాని మీద ఇంకోటి ఎత్తుకోవద్దు. ఒక లోటు ఏంటంటే పాత స్టాక్ ఎల్ఎంఈ దొరికితే బీర్‌కి ఒకరకమైన మొద్దు రుచి వస్తుంది, రంగు కూడా అనుకున్నదానికంటే ముదురుతుంది. అందుకే నేను డీఎంఈ వైపే.

అసలు ఇబ్బంది ఎక్కడొస్తుందంటే ఓట్స్, మ్యూనిక్ మాల్ట్, గోధుమ లాంటివి వాడాలనుకున్నప్పుడు. ఓట్స్‌ని ఉత్తగా నానబెడితే పిండి దిగి బీర్ మసకబారుతుంది తప్ప చక్కెర రాదు, పక్కన ఎంజైములున్న బేస్ మాల్ట్ (పేల్ మాల్ట్ లాంటిది) ఉండి సరైన వేడిలో గంటసేపు ఉంటేనే వస్తుంది. గింజల్ని ఇలా వేడినీళ్ళలో ఉంచి చక్కెర తీయడాన్నే మాష్ అంటారు. ఇక్కడే పార్షియల్ మాష్ పనికొస్తుంది, చక్కెరలో సగం మనం గింజల నుంచి తీస్తాం, సగం డీఎంఈ నుంచి తీసుకుంటాం.

ఓట్‌మీల్ స్టౌట్ 5 గాలన్లకి, అంటే దాదాపు 19 లీటర్లకి, ఎలా ఉంటుందో చూడండి. 3 పౌండ్ల పేల్ మాల్ట్, 1 పౌండ్ ఓట్స్ (ఇంట్లో పొద్దున తినే క్వేకర్ ఓట్సే, ఫ్లేవర్ లేనివి), అరపౌండ్ రోస్టెడ్ బార్లీ, అరపౌండ్ క్రిస్టల్ మాల్ట్, తర్వాత 3 పౌండ్ల డీఎంఈ. మాల్ట్ కొట్లోనే మరపట్టించుకోండి, మిక్సీలో వేసి పిండి చేయొద్దు, పొట్టు ఉండాలి. రెండు గాలన్ల కంటే కాస్త తక్కువ నీళ్ళు 165 ఫారెన్‌హీట్ దాకా కాచి, సంచిలో గింజలు దింపి ఉండలు లేకుండా కలిపితే వేడి 152 దగ్గర నిలబడాలి. 148 వైపు పోతే బీర్ పలచగా, డ్రైగా వస్తుంది, 156 వైపు పోతే నోటికి చిక్కగా, కొంచెం తీపి మిగులుతూ వస్తుంది, స్టౌట్‌కి 154 అయినా నాకు ఇష్టమే. చిన్న గిన్నె కాబట్టి వేడి తొందరగా దిగిపోతుంది, దానికి ఓవెన్‌ని అన్నిటికంటే తక్కువ సెట్టింగ్‌లో వేడిచేసి ఆపేసి, మూతపెట్టిన గిన్నెని అందులో గంటసేపు వదిలేస్తే సరి, మాటిమాటికీ మూత తీసి చూడకండి. గంటయ్యాక సంచిని ఎత్తి ఇంకో గిన్నెలో 170 డిగ్రీల నీళ్ళు గాలన్నర పోసి పది నిమిషాలు ముంచి, చిల్లుల గిన్నెలో పెట్టి వడకట్టి, ఆ నీళ్ళు కూడా మొదటి దాంట్లో పోసేయాలి. దీన్నే స్పార్జ్ అంటారు. మొత్తం మూడు గాలన్ల లోపు వర్ట్, మామూలు 20 క్వార్ట్ (అంటే 5 గాలన్ల) గిన్నెలో హాయిగా మరుగుతుంది. ఇంట్లో పార్టీలకి బిర్యానీ వండే స్టీల్ గిన్నె ఉంటే అదే చాలు, మసాలా వాసన పోయేలా తోముకుంటే.

మరగడం మొదలైన మొదటి ఐదు నిమిషాలు స్టౌ దగ్గర నుంచి కదలొద్దు, పాలు పొంగినట్టే ఒక్కసారి నురుగు లేచి స్టౌ అంతా అంటుకుంటుంది, తర్వాత గీకలేక చావాలి. హాప్స్ వేసి గంట మరిగించి, డీఎంఈలో ఎక్కువ భాగం చివరి పదిహేను నిమిషాల్లో బర్నర్ ఆపేసి కలపండి. ముందే వేస్తే రంగు ముదురుతుంది, హాప్స్ చేదు కూడా సరిగ్గా దిగదు. తర్వాత సింకులో ఐసు నీళ్ళలో గిన్నె పెట్టి చల్లార్చి, ముందే కాచి ఫ్రిజ్‌లో పెట్టుకున్న నీళ్ళు పోసి 5 గాలన్లకి తేవాలి. వర్ట్ ఎంత చిక్కగా ఉందో కొలిచే హైడ్రోమీటర్ పెట్టేముందు బాగా కలపండి, లేకపోతే పైన పలచగా కింద చిక్కగా ఉండి తప్పు లెక్క చూపిస్తుంది. ఈ స్టౌట్‌కి 1.050 అటూ ఇటూ రావాలి.

నాకు పార్షియల్ మాష్ నచ్చేది ఇందుకే: మాష్ చెడినా బీర్ చెడదు. వేడి తప్పి గింజల నుంచి చక్కెర తక్కువొచ్చిందనుకోండి, అరపౌండ్ డీఎంఈ ఎక్కువేస్తే 5 గాలన్లలో హైడ్రోమీటర్ లెక్క నాలుగు పాయింట్లు (అంటే 0.004) పైకొస్తుంది, అయిపోయింది. ఆల్ గ్రెయిన్‌లో కూడా ఇలా సర్దుకోవచ్చు గానీ అప్పుడు దాన్ని ఆల్ గ్రెయిన్ అనలేం కదా.

ఆల్ గ్రెయిన్ అంటే మొత్తం గింజలతోనే. ఖర్చు తక్కువ, ఏ మాల్ట్ ఎంత అన్నది పూర్తిగా మన చేతుల్లో. కానీ 5 గాలన్లకి దాదాపు 10 పౌండ్ల గింజలు, మరిగించడానికి ఆరున్నర గాలన్లు, సంచి పద్ధతిలో అయితే 10 గాలన్ల గిన్నె. నీళ్ళు పీల్చుకున్న ఆ సంచి 20 పౌండ్లు తూగుతుంది, కాలే వేడిలో అది ఒక చేత్తో ఎత్తి పట్టుకోవాలి. ఎలక్ట్రిక్ కాయిల్ స్టౌ మీద అన్ని నీళ్ళు మరగడానికే గంట పైన పడుతుంది, మరిగినా మూత తీస్తే ఊరికే ఆవిరి పోతూ కూర్చుంటుంది. గ్లాస్‌టాప్ అయితే పాతిక కిలోలు దాటే బరువు, అందులో బర్నర్ కంటే వెడల్పు గిన్నె, పెట్టేముందు మాన్యువల్ చూడండి.

మొత్తం గింజలతోనే చేయాలన్న పట్టుదల ఉంటే రెండున్నర గాలన్ల బ్యాచ్ చేయండి, 5 పౌండ్ల గింజలు, అదే 20 క్వార్ట్ గిన్నె. నీట్‌గా అవుతుంది, రుచిలో దేనికీ తీసిపోదు. కాకపోతే కడగడం, కాయడం, చల్లార్చడం అన్నీ కలిపి అదే నాలుగైదు గంటల పని, చేతికొచ్చేది 24 సీసాలు, పార్షియల్ మాష్‌లో అదే టైముకి 48 వస్తాయి. ఇంట్లో ఒక్కరే తాగేవాళ్ళైతే, రకరకాలు ట్రై చేయాలనుకుంటే ఇదే బెటర్, వీకెండ్ ఫ్రెండ్స్ వచ్చే ఇల్లైతే పార్షియల్ మాష్.

సంచి, థర్మామీటర్, హైడ్రోమీటర్ ఇప్పుడు కొన్నవే తర్వాతా పనికొస్తాయి. పెద్ద గిన్నె, బయట పెట్టుకునే ప్రొపేన్ బర్నర్ మాత్రం ఇప్పుడే కొనకండి, చాలా అపార్ట్‌మెంట్లలో బాల్కనీలో ప్రొపేన్ ఒప్పుకోరు, అవి బ్యాక్‌యార్డ్ ఉన్న ఇంటికి మారాక చూసుకోవచ్చు.