పనిచేస్తున్న పాత మిక్సీని ఎక్స్ఛేంజి మేళాలో ఇచ్చేయకండి

గత ఉగాదికి వారం ముందు మా వీధిలో ఆటో తిరిగింది. ఏ స్థితిలో ఉన్న పాత మిక్సీ అయినా తెచ్చి కొత్తది తీసుకెళ్ళవచ్చని మైకులో చెప్పారు. మా అమ్మ 2004లో కొన్న మిక్సీని సంచిలో పెట్టుకుని నేనూ వెళ్ళాను. పెట్టె మీద ధర 8,990 రూపాయలు. పండగ ధర 4,800 అన్నారు. పాతదానికి 700 కట్టి, నా దగ్గర 4,100 తీసుకున్నారు. యాభై రోజులు తిరగకుండానే ఆ కొత్త మిక్సీ మోటారు కాలిపోయింది. ఇలాంటి మేళాలు మళ్ళీ మొదలవుతున్నాయి కాబట్టి జరిగినదంతా వివరంగా రాస్తున్నాను.

ముందు పాత మిక్సీ సంగతి చెప్పాలి. ఇన్నేళ్ళుగా దోసెల పిండి, కందిపొడి, గోంగూర పచ్చడి, అల్లం వెల్లుల్లి ముద్ద అన్నీ దానిలోనే. దానికి వచ్చిన జబ్బులు రెండు. పెద్ద జారు అడుగు నుంచి నీళ్ళు కారేవి. తిరిగేటప్పుడు లోపల నిప్పురవ్వలు కనిపించి, కాస్త కాలిన వాసన వచ్చేది. దాని పని అయిపోయిందనుకున్నాను. నీళ్ళు కారడం జారు బుష్షు, వాషరు అరిగినందువల్ల. నిప్పురవ్వలు చాలావరకు కార్బన్ బ్రష్షులు అరిగినప్పుడు వస్తాయి. రెండూ మార్చుకునే భాగాలే. మార్చడానికి మొత్తం మూడు, నాలుగు వందలు అయ్యేదని తరువాత తెలిసింది. మోటారు మాత్రం ఇంకా గట్టిగానే ఉంది. దానిని 700కి ఇచ్చేశాను.

మే నెలలో ఆవకాయకు ఆవాలు ఎండబెట్టి పొడి చేస్తున్నాను. జారులో సగానికి మించి వేయలేదు. నిమిషం తిప్పి ఆపి, మూత తీసి కలిపి, మళ్ళీ తిప్పుతున్నాను. నాలుగో విడతలో మోటారు మూలిగినట్టు చప్పుడు చేసింది. వెంటనే అడుగు నుంచి పొగ వచ్చింది. ప్లగ్గు పీకేసరికే వంటిల్లంతా వాసన నిండిపోయింది. పక్కనే మా పాప నిలబడి ఉంది. ఆ క్షణం తలచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

వారంటీ కార్డు మీద మోటారుకు అయిదేళ్ళు అని పెద్ద అక్షరాలతో ఉంది. సర్వీసు కేంద్రం నుంచి వచ్చిన అబ్బాయి అడుగు విప్పి చూసి, ఓవర్‌లోడ్ వల్ల కాలింది కాబట్టి వారంటీ వర్తించదని రాసిచ్చాడు. కార్డు వెనక చిన్న అక్షరాలు అప్పుడు చదివాను. ఓవర్‌లోడ్, వోల్టేజీ హెచ్చుతగ్గుల వల్ల కాలితే వర్తించదు. జార్లు, బ్లేడ్లు, జారును మోటారుకు కలిపే కప్లర్, బ్రష్షులకు వర్తించదు. మోటారు కాలడానికి మామూలుగా ఉండే కారణాలన్నీ తీసేశాక ఆ అయిదేళ్ళ మాటలో మిగిలినదేమిటో నాకు అర్థం కాలేదు.

ఇక్కడ ఒక విషయం గట్టిగా గుర్తుపెట్టుకోండి. చాలా మిక్సీల అడుగున చిన్న బొత్తాం, ఎక్కువగా ఎర్రటిది, ఉంటుంది. మోటారు మీద భారం పెరిగితే లోపలి స్విచ్చి కరెంటును ఆపేస్తుంది. మోటారు చల్లారాక బొత్తాం నొక్కితే మళ్ళీ తిరుగుతుంది. కాయిలు కాలేలోపే ఆపడం దాని పని. నా మిక్సీలో అది ఒక్కసారి కూడా పడలేదు. నిజంగా ఓవర్‌లోడే అయితే ఆ స్విచ్చి ఎందుకు ఆపలేదని అడిగాను. ఆ అబ్బాయి దగ్గర జవాబు లేదు. మీకూ ఓవర్‌లోడ్ అని రాసిస్తే ఇదే ప్రశ్న వేయండి, రాతలో జవాబు అడగండి.

తరువాత మోటార్లకు వైండింగ్ చేసే పాత దుకాణానికి తీసుకెళ్ళాను. ఆ పెద్దాయన కాలిన కాయిలు బయటికి తీసి, తీగను బ్లేడుతో గీకి నా చేతిలో పెట్టాడు. పైన రాగి రంగు పూత, లోపల తెల్లగా మెరుస్తున్న అల్యూమినియం. పైన పటారం, లోన లొటారం అంటే ఏమిటో ఆ రోజు కళ్ళారా చూశాను. మేళాలో అమ్మినతను "అసలైన రాగి వైండింగమ్మా" అని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. పెట్టె మీద మాత్రం హెవీ డ్యూటీ మోటార్ అనే ఉంది. రాగి అన్న మాట ఎక్కడా లేదు.

అల్యూమినియం తీగ వాడటమే మోసం అని నేననను. కానీ దాని గుణం వేరు. కరెంటును మోసే శక్తి రాగితో పోలిస్తే అరవై శాతం దాకానే ఉంటుంది. అంతే కరెంటు అంతే తేలికగా పారాలంటే తీగ అడ్డుకోత దాదాపు 1.6 రెట్లు ఉండాలి. మిక్సీ మోటారులో అంత చోటు దొరకదు. చాలీచాలని తీగ పెడితే వేడి ఎక్కువ పుడుతుంది. ఆ వేడికి తీగ మీది వార్నిష్ పూత మాడి, చుట్లు ఒకదానికొకటి తగిలి షార్ట్ అవుతాయి. దానికి తోడు అల్యూమినియానికి గాలి తగిలితే పైన ఆక్సైడు పొర కడుతుంది. అందువల్ల అతుకులు సరిగ్గా పట్టవు. మజ్జిగ చిలికేటప్పుడు ఇవేవీ బయటపడవు. పొడి ఆవాలు, ఎండుమిర్చి, నానబెట్టిన మినప్పప్పు వేసినప్పుడే తెలుస్తాయి. మన ఇళ్ళలో మిక్సీ చేసే పని అదే కదా.

దుకాణంలో మోటారు విప్పి చూపించరు. అందుకే రాగి వైండింగ్ అని బిల్లు మీద రాసి సంతకం చేయమని అడగండి. నిజంగా రాగి అయితే రాయడానికి వాళ్ళకేమీ కష్టం లేదు. జార్లు తీసేసి మోటారు భాగాన్ని మాత్రం రెండు చేతులతో ఎత్తి చూడండి. అల్యూమినియం కంటే రాగి మూడు రెట్లకు పైగా బరువు. ఒకే వాటేజీ ఉన్న రెండు మిక్సీలను పక్కపక్కన పెట్టి ఎత్తితే తేడా చాలాసార్లు చేతికే తెలుస్తుంది. ఇదొక్కటే ఆధారమని అనుకోకండి, బరువు కోసం వేరే లోహం కూడా పెట్టవచ్చు. ఇక 750 వాట్లు, 1000 వాట్లు అన్న అంకె చూసి మురిసిపోకండి. అది మోటారు తీసుకునే కరెంటు లెక్క, ఎన్నేళ్ళు మన్నుతుందో చెప్పే లెక్క కాదు. దానికంటే కప్లర్, బుష్షు, బ్రష్షులు మీ ఊళ్ళో విడిగా దొరుకుతాయా అని రిపేరు చేసేవాళ్ళను అడగండి. నేను ఈ ప్రశ్నతోనే మొదలుపెట్టి ఉండవలసింది.

బిల్లు విషయంలో నాది పెద్ద పొరపాటు. చేతికి ఇచ్చింది ఎస్టిమేటు చీటీ. అందులో జీఎస్టీ నంబరు లేదు, మిక్సీ సీరియల్ నంబరూ లేదు. పండగ రద్దీలో చూసుకోలేదు. ఇంకొక సంగతి కూడా కడుపు తరుక్కుపోయేలా చేసింది. అదే మోడలు వేరే దుకాణంలో ఎక్స్ఛేంజి ఏమీ లేకుండా 4,100కే ఉంది. అంటే నా పాత మిక్సీకి వాళ్ళు పైసా కట్టలేదు. ఎక్స్ఛేంజి ధర వినేముందు, పాతది ఇవ్వకపోతే ధరెంత అని నాలుగు చోట్ల అడగండి.

అన్నిటికంటే భయపెట్టింది దానితో ఉచితంగా ఇచ్చిన మూడు లీటర్ల కుక్కరు. అడుగున ఒక పేరు తప్ప ఐఎస్ఐ గుర్తు ఎక్కడా లేదు. మన దేశంలో 2021 ఫిబ్రవరి 1 నుంచి ఇంట్లో వాడే ప్రెషర్ కుక్కర్లు ఐఎస్ 2347 ప్రమాణం ప్రకారం ఉండి, ఐఎస్ఐ గుర్తు కలిగి ఉండటం తప్పనిసరి. ప్రమాణం లేని కుక్కర్లను తన సైటులో అమ్మనిచ్చినందుకు 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఒక పెద్ద ఆన్‌లైన్ అమ్మకాల సంస్థకు లక్ష రూపాయల జరిమానా వేసింది. అమ్ముడైన 2,265 కుక్కర్లను వెనక్కి తీసుకుని డబ్బు తిరిగి ఇవ్వాలని ఆదేశించింది. గుర్తు ఉన్నంత మాత్రాన నమ్మకండి, దాన్నీ దొంగగా వేస్తారు. దాని దగ్గర సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉంటుంది. ఐఎస్ఐ గుర్తుకు లైసెన్సు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్. దాని బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే ఏ కంపెనీది, ఏ వస్తువుకు ఇచ్చారు, ఇంకా అమలులో ఉందా అన్నవి కనిపిస్తాయి. పొయ్యి మీద పెట్టే వస్తువుకు ఈ రెండు నిమిషాలు వెచ్చించండి. నేను ఆ కుక్కరును మరొకరు వాడకుండా మూతకు చిల్లులు పొడిచి పాత ఇనుము వాళ్ళకు వేశాను.

మిక్సీ అమ్మిన దుకాణంలో అడిగితే గోడ మీది బోర్డు చూపించారు, అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదని. లోపమున్న సరుకుకు ఆ బోర్డు చెల్లదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న వస్తువును బిల్లులో చెప్పిన గడువులో, గడువు రాయకపోతే ముప్ఫై రోజుల్లో వెనక్కి తీసుకోవడానికి నిరాకరించడం కూడా అంతే. నేను ఆ ముప్ఫై రోజులు దాటాక వెళ్ళాను కాబట్టి ఈ రెండో మాట నాకు ఉపయోగపడలేదు. మీరు కొన్న మొదటి నెలలోనే మిక్సీకి గట్టి పని పెట్టి చూడండి. లోపముంటే అప్పుడే బయటపడనివ్వండి.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేశాను. తెలుగులోనే మాట్లాడవచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. అయిదు లక్షల లోపు విలువకు ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, సమస్య వచ్చిన రెండేళ్ళలోపు వేయాలి. కాలిన కాయిలు, సర్వీసు అబ్బాయి రాసిచ్చిన కాగితం, ఎస్టిమేటు చీటీ, ఫోనులో డబ్బు చెల్లించిన వివరం అన్నీ ఒక కవరులో దాచాను. మీరు కూడా కాలిన భాగాన్ని రిపేరు దుకాణంలో వదిలేయకండి, అదే మీ సాక్ష్యం.

మొన్న మా పక్కింటి పిన్నిగారు తన పాత మిక్సీని మేళాకు తీసుకెళ్ళబోతుంటే ఆపి, ఆ వైండింగ్ పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. బ్రష్షులు, కప్లర్ మార్చి 260 రూపాయలు తీసుకున్నాడు. నిన్న పొద్దున గోడ అవతల అది పెసరట్ల పిండి రుబ్బుతున్న చప్పుడు వినిపించింది.