అమలాపురం నుంచి హైదరాబాద్: కారా, రాత్రి బస్సా, రైలా, విమానమా?

2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిర్ ఇండియా విమానం కూలాక మా కోనసీమ ఇళ్ల నుంచి హైదరాబాద్‌లో ఉన్న పిల్లలకు ఒకటే ఫోను: "విమానాలూ గిమానాలూ వద్దమ్మా, హాయిగా కారేసుకుని వచ్చేయండి." పిల్లలు పెద్దల మాట విన్నారు. శుక్రవారం ఆఫీసు అయ్యాక రాత్రి పదింటికి కారు తీశారు, సూర్యాపేట దగ్గర టీ తాగారు, తెల్లారేసరికి అమలాపురంలో దిగారు. ఇంట్లోవాళ్లు ఆ రాత్రి నిశ్చింతగా పడుకున్నారు. నిజానికి టెన్షన్ పడాల్సిన రాత్రి ఏదైనా ఉంటే అది అదే.

అమలాపురానికి రైలు లేదు. కోటిపల్లి–నరసాపురం లైను పనులు ఏళ్ల తరబడి సాగుతూనే ఉన్నాయి. అందుకని హైదరాబాద్ వెళ్లాలంటే మాకు నాలుగు దారులు: సొంత కారు, రాత్రి బస్సు, రాజమండ్రి వెళ్లి రైలు, రాజమండ్రి విమానాశ్రయం ఉన్న మధురపూడి వెళ్లి విమానం. టికెట్ ధరలూ సౌకర్యాలూ ఎవరి జేబుని బట్టి వాళ్లు చూసుకుంటారు. ఇక్కడ చూసేది ప్రాణానికి ఏది మేలు అన్నదొక్కటే.

ముందు లెక్క చూద్దాం. 2010లో మంగళూరులో 158 మంది, 2020లో కోళికోడ్‌లో 21 మంది, 2025లో అహ్మదాబాద్‌లో కింద ఉన్నవాళ్లతో కలిపి 260 మంది. పదిహేనేళ్లలో మన దేశంలో జరిగిన ఈ మూడు విమాన ప్రమాదాల్లో పోయినవాళ్లు మొత్తం 439 మంది. 2022 ఒక్క సంవత్సరంలో మన రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ తన నివేదికలోనే రాసింది. సగటున రోజుకు 460 మంది పైనే. పదిహేనేళ్లలో ఆ మూడు విమానాలు పొట్టన పెట్టుకున్నవాళ్ల కంటే మన రోడ్ల మీద ఒక్క రోజులో పోయేవాళ్లు ఎక్కువ.

"విమానం ఎక్కేవాళ్లెంతమంది, రోడ్డెక్కేవాళ్లెంతమంది? రెండూ ఎలా పోలుస్తారు?" అని ఎవరైనా అడిగితే న్యాయమైన ప్రశ్నే. పైగా ఆ 1,68,491 మందిలో నూటికి 44 మంది బైకులూ స్కూటర్ల మీద వెళ్లినవాళ్లు, 19 మంది నడిచి వెళ్తున్నవాళ్లు. బెల్టు పెట్టుకుని కారులో కూర్చున్నవాడి ముప్పు అంతకన్నా తక్కువే. అవన్నీ తీసేసి, కిలోమీటరుకు కిలోమీటరు పోల్చి చూసినా విమానం దరిదాపుల్లోకి కారు రాదు. ఈ విషయంలో నిపుణుల మధ్య తగాదా కూడా లేదు.

అయినా భయం పోదు. మా వైపు ఆ భయానికి ఓ కారణముంది. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి వెళ్తున్న హెలికాప్టర్ కైకలూరు దగ్గర చెరువులో కూలింది. యానాం–ఎదుర్లంక వంతెనకు ఆయన పేరే పెట్టుకున్నాం. ఏడేళ్లకు, 2009 సెప్టెంబర్ 2న, నల్లమలలో ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి హెలికాప్టర్. ఈ రెండూ మనసులో ముద్రపడి "గాల్లో ప్రయాణమంటేనే అంత" అనిపిస్తుంది. కానీ అవి హెలికాప్టర్లు. టికెట్ కొని ఎక్కే విమానానికీ వాటికీ నడిచే పద్ధతిలోనే చాలా తేడా ఉంది. ఇక రోడ్డు మీద పోయిన నాయకుల సంగతి చూడండి: ఎర్రన్నాయుడు 2012లో, లాల్‌జాన్ బాషా 2013లో, శోభా నాగిరెడ్డి 2014లో, హరికృష్ణ 2018లో. వీళ్లు పోయాక ఎవరూ "ఇక కారెక్కొద్దు" అనలేదు.

విమానం సురక్షితం కావడానికి కారణం అది ఆకాశంలో ఎగరడం కాదు, నడిపేవాణ్ని కనిపెట్టి ఉండేవాళ్లు చాలామంది ఉండటం. పైలట్లు ఇద్దరు. డ్యూటీకి ముందు గొట్టంలో ఊది మద్యం పరీక్ష ఇవ్వాలి. పన్నెండు గంటల ముందు నుంచి చుక్క ముట్టకూడదు. పాజిటివ్ వస్తే మొదటిసారికే మూడు నెలలు లైసెన్స్ పక్కన పెట్టేస్తారు. రోడ్డు మీదైతే వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల దాకా చట్టమే ఊరుకుంటుంది, అదీ ఎవరైనా ఆపి ఊదిస్తే. పైలట్‌కి వైద్య పరీక్షలుంటాయి, సిమ్యులేటర్‌లో ఇంజన్ ఆపేసి "ఇప్పుడేం చేస్తావో చేసి చూపించు" అనే పరీక్షలుంటాయి. మన దగ్గర లైసెన్స్ వచ్చేది ఓ మైదానంలో ఎనిమిది అంకె వేసి చూపిస్తే. ఆ తర్వాత ఎవరూ ఏమీ అడగరు.

విశ్రాంతి సంగతి ఇంకా ముఖ్యం. 2025 డిసెంబర్‌లో ఇండిగో విమానాలు రోజుకు వందల్లో రద్దయి జనం ఎయిర్‌పోర్టుల్లో పడిగాపులు పడ్డారు, గుర్తుందా? పైలట్లకు ఎక్కువ విశ్రాంతి ఇవ్వాలనే కొత్త నిబంధనలకు తగినంతమంది సిబ్బంది లేకపోవడం అందుకు పెద్ద కారణం. గొడవ ముదిరాక ఆ నిబంధనలు కొంత సడలించారు. నాకది నచ్చలేదు. అయినా అక్కడ నిబంధనంటూ ఒకటుంది, దాన్ని పాటించలేకపోతే దేశమంతా గగ్గోలు పుట్టింది. రోడ్డు మీద డ్రైవర్లకు చట్టం లేదనుకోకండి. మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే వచ్చింది, రోజుకు ఎనిమిది గంటలు, వారానికి 48 గంటలు అనేది. 2025 నవంబర్‌లో దాని స్థానంలోకి కొత్త లేబర్ కోడ్ వచ్చింది. సంక్రాంతి ముందు రాత్రి హైదరాబాద్ నుంచి వచ్చి మనల్ని దింపి, ముఖం కడుక్కుని, వెంటనే ఇంకో బేరానికి తిరిగి వెళ్లిపోయే టాక్సీ డ్రైవర్‌కి ఈ రెండింటి పేర్లు కూడా తెలియవు.

ఇంకో తేడా, ప్రమాదం జరిగాక ఏం జరుగుతుందన్నది. అహ్మదాబాద్ ప్రమాదం మీద నెల తిరిగేసరికి ప్రాథమిక నివేదిక వచ్చింది. గాల్లోకి లేచిన కాసేపటికే రెండు ఇంజన్లకూ ఇంధనం వెళ్లే స్విచ్‌లు ఒక సెకను తేడాతో ఆగిపోయే వైపుకి మారాయని అందులో ఉంది. మన కాలువ గట్టు మీద ఒక మలుపులో కారు పడితే "అతివేగమే కారణం" అని రాసి ఫైలు మూసేస్తారు. ఆ మలుపులో రెయిలింగ్ లేదన్నది ఎవరి లెక్కలోకీ రాదు. తర్వాతి బండి కూడా అక్కడే పడుతుంది.

చలికాలం పొద్దున్నే డెల్టాలో పట్టే మంచులో ఈ తేడా కళ్లకు కడుతుంది. మధురపూడిలో రన్‌వే కనపడకపోతే విమానం దిగదు, చక్కర్లు కొడుతుంది, లేదంటే వేరే ఊరికి వెళ్లిపోతుంది. మనం తిట్టుకుంటాం. తిట్టుకుని ఏం చేస్తాం? బయటికొచ్చి టాక్సీ మాట్లాడుకుని, అదే మంచులోకి, ఎనభై స్పీడులో బయలుదేరతాం. పైలట్ వద్దనుకున్న మంచులోకి ఎవరో ముక్కూముఖం తెలియని కుర్రాడు తీసుకెళ్తుంటే వెనక సీట్లో కునుకు తీస్తాం, అదీ బెల్టు లేకుండా.

మన రోడ్లేమో అన్నిచోట్లా ఉండే రోడ్లు కావు. కాటన్ దొర ఆనకట్ట కట్టాక వచ్చిన కాలువలే డెల్టాకి అన్నం పెట్టాయి, ఆ కాలువ గట్లే తర్వాత రోడ్లయ్యాయి. ఒకవైపు నీళ్లు, ఇంకోవైపు పల్లపు చేను, మధ్యలో రెండు బండ్లు బొటాబొటిగా పట్టే తారు. సార్వా కోతలప్పుడూ దాళ్వా కోతలప్పుడూ ఆ తారులో సగం ధాన్యం ఆరబోసి ఉంటుంది, చుట్టూ రాళ్లు పెట్టి, రాత్రయితే పైన బరకం కప్పి. చీకట్లో ఆ రాళ్లు కనపడవు. రైతు తప్పు అని ఊరికే అనలేం, కల్లాలు లేక రోడ్డెక్కాడు. కానీ బైకు మీద వచ్చేవాడికి ఆ కారణాలు అక్కరకు రావు. భీమవరం వైపు రొయ్యలూ చేపలూ తీసుకెళ్లే వ్యాన్ల నుంచి కారే నీళ్లకు రోడ్డు జారుతుంది. వెనక లైటు లేని ట్రాక్టర్, హైబీమ్ దించని లారీ, యూటర్న్ దూరమని జాతీయ రహదారి మీద ఎదురు వచ్చే బైకు, డ్రైవర్‌కి రెండువైపులా ఇద్దర్ని కూర్చోబెట్టుకున్న ఆటో. మీరెంత బాగా నడిపినా వీళ్లందరూ మీ ప్రయాణంలో భాగస్వాములే.

ధవళేశ్వరం బ్యారేజీ మీది నుంచే 2015 జూన్‌లో తిరుపతి నుంచి తిరిగి వెళ్తున్న ఒక వ్యాను కింద పడి 22 మంది చనిపోయారు. అటువైపు ప్రయాణాల్లో గోదావరికి దండం పెట్టి చిల్లర వేసే అలవాటు మనకుంది. దండంతో పాటు స్పీడు కూడా తగ్గిస్తే బాగుండు.

కాలువ రోడ్ల మీద తిరిగేవాళ్లు ఒక్క సంగతి ఇంట్లో అందరికీ చెప్పి ఉంచాలి. కారు నీళ్లలో పడితే తలుపు తోస్తూ కూర్చోకూడదు, బయట నీటి ఒత్తిడికి అది రాదు. కారు కాసేపు తేలుతుంది. ఆ కొద్ది సమయంలోనే బెల్టు తీసి, పక్క అద్దం దించి, అందులోంచి బయటపడాలి, ముందు పిల్లల్ని పంపాలి. నీళ్లు తగిలాక బటన్ అద్దాలు పనిచేయకపోవచ్చు, అందుకే బెల్టు తీయగానే అద్దం దించేయాలి. దిగకపోతే పక్క అద్దం మూల దగ్గర గట్టి మొనతో కొట్టాలి. ముందు అద్దం జోలికి పోవద్దు, అది తేలిగ్గా పగలదు. మూడొందల రూపాయల సుత్తి ఒకటి డ్రైవర్ చేతికందేలా పెట్టుకుంటే, డాష్‌బోర్డు మీద దేవుడి బొమ్మకి తోడుంటుంది.

ఇక నాలుగింటిలో ఏది మేలంటే, రాత్రి సొంత కారు అన్నిటికన్నా అడుగున. రోజంతా ఆఫీసులో పనిచేసినవాడు నాలుగొందల కిలోమీటర్లకు పైగా నడపడం, అదీ తెల్లవారుజామున రెండు నుంచి ఐదు మధ్య, ఏ పైలట్‌కీ ఒప్పుకోని పని. పగలు, ఇద్దరు మార్చుకుని నడుపుతూ, వెనక సీట్లో వాళ్లు కూడా బెల్టు పెట్టుకుంటే అది వేరే సంగతి. 2022లో బెల్టు పెట్టుకోక పోయినవాళ్లే పదహారు వేల మందికి పైగా ఉన్నారు.

రాత్రి బస్సు కారు కన్నా మెరుగు, బండి పెద్దది, నడిపేవాడికి అదే వృత్తి. అయితే బస్సుల్లోనూ తేడాలున్నాయి. ఆర్టీసీ డ్రైవర్‌కి డిపో ఉంది, జవాబు చెప్పాల్సిన అధికారి ఉన్నాడు. ప్రైవేటు స్లీపర్ ఎక్కితే ఇద్దరు డ్రైవర్లున్నారా, అత్యవసర తలుపు ఎటుంది, దానికి అడ్డంగా సామాన్లు పెట్టారా అన్నవి చూసుకున్నాకే పడుకోవాలి. 2013లో పాలెం దగ్గర బస్సు కాలి 45 మంది పోయారు. 2025 అక్టోబర్‌లో కర్నూలు దగ్గర మళ్లీ అదే ఘోరం, రోడ్డు మీద పడి ఉన్న బైకుని బస్సు ఈడ్చుకెళ్లడంతో మంటలు లేచాయి. ఆ బైకు నడిపినవాడు తాగి ఉన్నాడని పోలీసులు తేల్చారు. బస్సులో నిద్రపోతున్నవాళ్లకు అతనెవరో కూడా తెలియదు.

రైలు, విమానం రెండూ ప్రాణానికి మంచివే. గౌతమి ఎక్స్‌ప్రెస్ 2008లో కేసముద్రం దగ్గర కాలిపోయిన సంగతి మావాళ్లెవరూ మర్చిపోలేదు, అయినా రాత్రి ప్రయాణానికి నా ఓటు రైలుకే. పాలకొల్లు, నరసాపురం, భీమవరం వాళ్లకైతే రెండో ఆలోచనే అక్కర్లేదు, రైలు ఊళ్లోకే వస్తుంది.

విమానం దగ్గరికొస్తే, హైదరాబాద్‌కి రాజమండ్రి నుంచి తిరిగే ఏటీఆర్ అనే చిన్న విమానం రెక్కల మీద ప్రొపెల్లర్లు చూసి కొందరికి గుండె దడ. పెద్ద విమానాలంత ఎత్తుకి వెళ్లదు కాబట్టి వానాకాలం మబ్బుల్లో కుదుపులు ఎక్కువే. కుదుపు వేరు, ప్రమాదం వేరు. 2023లో నేపాల్‌లోని పోఖరాలో ఈ రకం విమానం కూలి 72 మంది పోయారు. ఒక లివర్ బదులు ఇంకో లివర్ లాగడం వల్ల ప్రొపెల్లర్లు విమానాన్ని ముందుకు లాగలేకపోయాయని దర్యాప్తులో తేలింది. ఆ సంగతి బయటపడి ప్రపంచంలో ఏటీఆర్ నడిపేవాళ్లందరికీ చేరింది.

అయితే అమలాపురం వాళ్లకి విమానంలో ప్రమాదకరమైన భాగం విమానం కాదు, మధురపూడి దాకా రోడ్డు మీద వెళ్లే ఎనభై కిలోమీటర్లు. పొద్దున్నే ఆరింటి విమానమైతే రెండున్నరకు బయలుదేరాలి, అంటే నిద్రమొహంతో ఉన్న డ్రైవర్, చీకటి, రావులపాలెం దాటాక లారీలు. వంద రూపాయలు ఎక్కువైనా ఎండ ఉండగా రోడ్డు మీద వెళ్లే వీలున్న విమానమే కొనాలి. రాత్రి తొమ్మిది దాటాక దిగేదైతే రాజమండ్రిలో చుట్టాలింట్లోనో లాడ్జిలోనో పడుకుని, టిఫిన్ చేసి బయలుదేరితే పోయేదేమీ లేదు. "అబ్బే, బండి పంపిస్తున్నానండీ" అని బావగారు మరీ పట్టుబడితే, ఆ డ్రైవర్ మధ్యాహ్నం కాసేపైనా పడుకున్నాడో లేదో కనుక్కుని అప్పుడు సరేననండి.