పెన్ టర్నింగ్‌కి కార్బైడ్ టూల్స్ సెట్, వాడాక నా రివ్యూ

లేత్ (ముక్కని గిరగిరా తిప్పే మిషన్) మీద పెన్నులు చేద్దామనుకునేవాళ్ళందరూ మొదట అడిగేది ఇదే, కొసన కార్బైడ్ బిళ్ళ (ఇన్సర్ట్) బిగించిన టూల్స్ కొనాలా, సాన పట్టుకునే హెచ్ఎస్ఎస్ (హైస్పీడ్ స్టీల్) ఉలులు సరిపోతాయా అని. ఇంట్లో గ్రైండర్ లేదు, సాన పట్టడం రాదు అంటే కళ్ళు మూసుకుని కార్బైడ్ తీసుకోండి. నేను వాడేది మూడు టూల్స్ సెట్, చదరంది, గుండ్రంది, డైమండ్ షేప్‌ది. పెన్నుకి తొంభై పాళ్ళు పని చదరందే చేస్తుంది, మిగతా రెండూ ఎప్పుడో గాని చేతిలోకి రావు, కాబట్టి డబ్బులు చూసుకోవాలంటే అదొక్కటే విడిగా కొనుక్కోండి.

ఉలి అయితే ఏటవాలుగా ఆనించి, కోణం చూసుకుంటూ కోయాలి, అది చేతికి రావడానికి టైమ్ పడుతుంది. దీనికి ఆ గోల లేదు, టూల్ రెస్ట్ (టూల్ ఆనించే కమ్మి) ఎత్తు సెట్ చేసుకుని, అంచు సరిగ్గా తిరిగే ముక్క సెంటర్‌కి వచ్చేలా టూల్‌ని అడ్డంగా, సమంగా పట్టుకుని మెల్లగా లోపలికి తోస్తే చాలు. అంచు మొద్దుబారితే స్క్రూ వదులు చేసి ఇన్సర్ట్ తిప్పుకోవడమే, చదరందానికి నాలుగు అంచులు కదా. తిప్పినప్పుడు మాత్రం కింద గూట్లో ఉన్న పొట్టు శుభ్రంగా తుడవండి, చిన్న రజను ఉన్నా ఇన్సర్ట్ సమంగా కూర్చోదు, అలాగే బిగిస్తే పగిలిపోతుంది, కార్బైడ్ గట్టిదే గాని పెళుసు. అందుకే చివర్లో స్టీల్ బుషింగ్ (పెన్ను ఎంత సన్నం కావాలో చూపే, ముక్క చివర ఉండే రింగు) దగ్గరికొచ్చాక కూడా చెయ్యి తేలిక చెయ్యాలి, దానికి తగిలితే అంచు పెచ్చు లేచిపోతుంది.

యాక్రిలిక్ మీద మాత్రం సూపర్ అండి. తేలిగ్గా పడితే పొట్టు తెగకుండా దారంలా పొడుగ్గా వస్తుంది, చూస్తుంటేనే ఆనందం. ఎక్కువ లోతు తోస్తే ముక్కలు ఎగిరిపోతాయి, కళ్ళద్దాలు తప్పనిసరి. నెగటివ్ రేక్ ఇన్సర్ట్ (పైముఖం అంచు వైపు కిందికి వాలి ఉండేది) దొరికితే ఇంకా మంచిది.

చెక్క దగ్గరే నాకు అసంతృప్తి. ఇది కోయడం కన్నా గీకడమే ఎక్కువ, టేకులాంటి వాటి మీద నార లేచిపోయి గరుగ్గా మిగులుతుంది, దాంతో ఉప్పుకాగితం గరుకైన 150 నంబరు నుంచి మొదలెట్టాల్సి వస్తుంది. అదే పదునున్న స్క్యూ ఉలితో (అంచు ఏటవాలుగా ఉండే ఉలి) ఆఖరి కోత తీస్తే నేరుగా సన్నటి 400 నంబరుకి వెళ్ళిపోవచ్చు, ఆ నునుపు కార్బైడ్‌తో నాకు ఇంతవరకు రాలేదు. అందుకని చెక్కకి రఫింగ్ (మొదటి మోటు కోత) కార్బైడ్‌తో, ఫినిషింగ్ స్క్యూతో చేస్తున్నా.

సెట్‌లో నచ్చనిది పిడి, బాగా పొట్టి. పెన్ను సన్నదే కాబట్టి నెట్టుకొస్తున్నా, గిన్నెలు అవీ చేసేవాళ్ళకి పనికిరాదు. స్క్రూలు కూడా మెత్తవి, తల అరిగిపోతోంది, స్పేర్ స్క్రూలు తెప్పించుకోండి.

రాజమండ్రి రత్నం వాళ్ళ ఎబొనైట్ (గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు) పెన్నులు చూసి ఎబొనైట్ మీద మనసైనవాళ్ళు ఉంటే, దాని మీద కూడా ఈ చదరపు ఇన్సర్ట్ చక్కగా నడుస్తుంది. గంధకం వాసన మాత్రం గదంతా నిండుతుంది, కిటికీలు తెరిచి పెట్టుకోండి.