పాత కారు సస్పెన్షన్ సామాను: గుజిరీలో తేవాలా, కొత్తది కొనాలా?

అనంతపురం చుట్టుపక్కల పదిహేనేళ్లు దాటిన మారుతి, శాంత్రో, ఇండికా నడిపేవాళ్లు ఎవరు కలిసినా చివరికి ఈ ప్రశ్న దగ్గరికే వస్తున్నారు. గుంతలో పడితే ముందు నుంచి టక్కు టక్కుమని శబ్దం వస్తోంది, మెకానిక్ చూసి చక్రాన్ని బాడీకి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్‌లు, షాకబ్జార్బర్లు పోయాయన్నాడు, అన్నీ కొత్తవి వేయాలంటే భారమవుతోంది, పాత బండ్లు విప్పి సామాను అమ్మే గుజిరీలో తెచ్చుకుంటే సరిపోదా అని. ఈమధ్యే మా ఇంట్లో ఉన్న 2006 ఆల్టోకు కింద సామాను మార్పించాం. అందులో ఏవి పాతవి తెచ్చామో, ఏవి కొత్తవి కొన్నామో, ఎందుకో చెప్తాను.

పాత కారును ఉంచుకోవాలా వద్దా అన్న చర్చ జోలికి నేను వెళ్లను. పదిహేనేళ్లకు ఆర్‌సీ రెన్యువల్ చేయించుకునే ఫీజు 2022 ఏప్రిల్‌లో కారుకు 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. అయినా కట్టి ఉంచుకున్నారంటే వాళ్ల అవసరం వాళ్లది. అలాంటి కారు రోడ్డు మీద భద్రంగా తిరగాలి, ఖర్చూ మితిమీరకూడదు. ఈ రెండూ కుదిరే దారి ఉంది.

సస్పెన్షన్‌లో రెండు రకాల సామాను ఉంటుంది. ఒకటి ఉత్త ఇనుము. చక్రం హబ్బు కూర్చునే నకుల్, కాయిల్ స్ప్రింగులు, క్రాస్ మెంబర్, స్టెబిలైజర్ రాడ్, వెనక యాక్సిల్, దాన్ని పట్టుకునే ఆర్మ్‌లు ఈ రకం. రెండోది లోపల రబ్బరో, నూనో, గ్రీజులో తిరిగే గుండో ఉన్న సామాను. కీళ్ల దగ్గర వేసే రబ్బరు బుష్‌లు, షాకబ్జార్బర్లు, ఆర్మ్‌ను నకుల్‌కు కలిపే బాల్ జాయింట్లు, స్టీరింగ్ కడ్డీ చివర ఉండే టై రాడ్ ఎండ్లు, స్ట్రట్ (షాకబ్జార్బర్, స్ప్రింగు కలిసిన ముక్క) మౌంటింగులు ఈ రకం. మొదటి రకం గుజిరీలో తేవచ్చు, రెండో రకం మాత్రం కొత్తదే కొనాలి. నా దృష్టిలో అసలు విషయం ఇదే, ధర దీని తర్వాతే వస్తుంది. మన దగ్గర చాలామంది దీన్ని తిరగేసి చేస్తున్నారు. నకుల్ దెబ్బతింటే భయపడి షోరూమ్‌లో ఆర్డర్ పెడతారు, షాకబ్జార్బర్లు మాత్రం గుజిరీలో జత తెచ్చి వేయిస్తారు.

పాత షాకబ్జార్బర్ ఎందుకు వద్దంటానంటే, దాని వయసు బయటికి కనిపించదు. లోపల పిస్టన్ వాల్వు అరిగిందా, సీలు గట్టిపడిందా, గ్యాస్ పోయిందా అన్నది చూసి చెప్పలేం. గుజిరీలో కిరోసిన్‌తో కడిగి నల్ల రంగు కొడితే నూనె కారిన గుర్తు కూడా మిగలదు. తప్పనిసరై కొనాల్సి వస్తే నిలువుగా పట్టుకుని రాడ్డును పూర్తిగా లోపలికి నొక్కి, మళ్లీ పైకి లాగి చూడండి. ఎక్కడా జారిపోకుండా ఒకే పట్టుతో కదలాలి, నొక్కేటప్పటి కన్నా లాగేటప్పుడు ఎక్కువ బలం పట్టాలి. రాడ్డు మీద క్రోమ్ లేచి గరుకుగా ఉంటే అది కొత్త సీలును కూడా కోసేస్తుంది. ఇవన్నీ పాసైనా అది ఇంకెన్నాళ్లు వస్తుందో అమ్మేవాడికీ తెలియదు, మనకూ తెలియదు. స్ట్రట్ విప్పి బిగించే కూలీ, వీల్ అలైన్‌మెంట్ ఖర్చు ఎలాగూ ఉంటాయి. ఆరు నెలలకు మళ్లీ విప్పాల్సి వస్తే ఆ రెండూ మళ్లీ పడతాయి. అప్పుడు పాతదాని మీద మిగిలిందేమీ ఉండదు. గాబ్రియేల్ లాంటి పేరున్న కంపెనీవి మారుతి, శాంత్రోలకు అంగళ్లలో సులభంగా దొరుకుతాయి. ఎడమ, కుడి జతగా మార్పించండి. ఒక వైపు కొత్తది, ఇంకో వైపు పాతది ఉంటే బ్రేకు వేసినప్పుడు, మలుపులో కారు రెండు వైపులా ఒకేలా స్పందించదు.

బాల్ జాయింట్ విషయంలో అయితే నాకు రెండో మాటే లేదు. లోయర్ బాల్ జాయింట్ ఊడితే చక్రం బయటికి మడుచుకుని కారు ముందు భాగం నేల మీద పడుతుంది. గుత్తి దగ్గరో డోన్ దగ్గరో 44వ నంబరు హైవే మీద వేగంగా వెళ్తున్నప్పుడు అది జరిగితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. కారులో పిల్లలు కూడా కూర్చుంటారు. బాల్ జాయింట్, టై రాడ్ ఎండ్ రాణే లాంటి కంపెనీలవి కొత్తవే తీసుకోండి. కొన్ని కార్లకు బాల్ జాయింట్ విడిగా రాదు, ఆర్మ్‌తో కలిపే ఇస్తారు. అప్పుడు ఆర్మ్ మొత్తం కొత్తది కొనాల్సిందే. విడిగా దొరికే కార్లకు మాత్రం ఆర్మ్ గుజిరీలో తెచ్చి, పాత బుష్, పాత జాయింట్ ప్రెస్సు మీద తీయించి కొత్తవి వేయించుకోవచ్చు.

రబ్బరు సంగతి మన ప్రాంతంలో ఇంకా తీవ్రం. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. యార్డులో కార్లు నీడ లేకుండా ఏళ్ల తరబడి పడి ఉంటాయి. బుష్ పైకి బాగున్నట్టే ఉంటుంది, స్క్రూడ్రైవర్‌తో తిప్పి చూస్తే రబ్బరు చీలి ఇనుప గొట్టం నుంచి విడిపోయి ఉంటుంది. మన రోడ్లు కూడా రబ్బరును బతకనివ్వవు. కోవెలకుంట్ల, జమ్మలమడుగు వైపు రేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుని రోడ్డును అలలు అలలుగా చేస్తుంది. తాడిపత్రి, బేతంచెర్ల వైపు బండలు మోసే లారీల కింద గుంతలు పడుతూనే ఉంటాయి. ఆల్టో, పాత 800 లాంటి వాటిలో స్టెబిలైజర్ రాడ్డే ముందు ఆర్మ్‌ను ముందుకీ వెనక్కీ కదలకుండా పట్టుకుంటుంది. దాని బుష్‌లు అరిగితే బ్రేకు వేసినప్పుడు కారు పక్కకు లాగుతుంది, శబ్దమూ వస్తుంది. చాలాసార్లు ఆర్మ్ పోయిందనుకుంటాం గానీ, పోయింది ఆ చిన్న బుష్‌లే. అవి కొత్తవి వేస్తే సమస్య తీరిపోవచ్చు. అందుకే గుజిరీకి వెళ్లే ముందు ఏది పోయిందో మెకానిక్‌తో కారు పైకెత్తించి, కడ్డీ పెట్టి కదిలించి చూడండి.

ఇక ఇనుము. ఇక్కడ గుజిరీని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. దెబ్బ తగలని నకుల్‌కు అరుగుదల దాదాపు ఉండదు. కంపెనీ పోతపోసిన ఇనుము అది, పేరు లేని నకిలీ ముక్క కన్నా నూరుపాళ్లు నమ్మకం. క్రాస్ మెంబర్, వెనక యాక్సిల్ కొత్తవి కావాలంటే ధర ఎక్కువ, పాత మోడళ్లకు స్టాకు కూడా ఉండదు. గుజిరీలో కొత్తదాని ధరలో సగానికి అటూ ఇటుగా అడుగుతారు, బేరమాడితే ఇంకా దిగుతారు. నకుల్ తీసుకునేటప్పుడు మీ కారుకు ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉందో లేదో చూసుకోండి, సెన్సార్ కూర్చునే రంధ్రం లేని నకుల్ ఏబీఎస్ కారుకు పనికిరాదు. బేరింగ్ కూర్చునే గూడు లోపల వేలు పెట్టి తిప్పి చూడండి. బేరింగ్ అందులోనే తిరిగి అరిగిన గీతలు తగిలితే వదిలేయండి.

కాయిల్ స్ప్రింగు చూడ్డానికి తేలికే గానీ మోసపోయేది అక్కడే. చుట్ల మీద పెయింటు చుక్కలు ఉంటాయి, స్ప్రింగు బలాన్ని బట్టి కంపెనీ పెట్టిన గుర్తులు అవి. డీజిల్ ఇంజన్ బరువు ఎక్కువ కాబట్టి ఒకే మోడల్ అయినా పెట్రోల్ కారుకు ఒక స్ప్రింగు, డీజిల్ కారుకు ఇంకో స్ప్రింగు ఉండొచ్చు. చుక్కలు చెరిగిపోతే మీ పాత స్ప్రింగును వెంట తీసుకెళ్లి తీగ మందం, చుట్ల లెక్క పోల్చండి. జత స్ప్రింగులను పక్కపక్కన నిలబెడితే ఒకే ఎత్తు ఉండాలి. అన్నిటికన్నా కింది చుట్టును జాగ్రత్తగా చూడాలి. మట్టి, నీళ్లు నిలిచేది అక్కడే, తుప్పు మొదలయ్యేది, స్ప్రింగు విరిగేది కూడా అక్కడే.

అయితే ఇనుము కొనడంలోనూ ఒక నియమం పెట్టుకున్నాను. కారు మీద ఉన్నదాన్ని నా కళ్ల ముందు విప్పించుకుంటాను తప్ప కుప్పలోంచి తీసుకోను. కారు కనిపిస్తే దాని చరిత్ర కనిపిస్తుంది. ఆ కారు యార్డుకు ఎందుకొచ్చిందన్నది మొదట చూడాలి. ఇంజన్ సీజై వచ్చిందా, కాగితాల గడువు తీరి వచ్చిందా, యాక్సిడెంట్ అయి వచ్చిందా? మొదటి రెండూ అయితే కింద సామాను నిశ్చింతగా తీసుకోవచ్చు. యాక్సిడెంట్ కారైతే దెబ్బ తగిలిన మూల దగ్గరికే పోవద్దు, ఆర్మ్, నకుల్, స్ట్రట్ కంటికి కనిపించనంత వంగి ఉంటాయి. అది బిగించాక అలైన్‌మెంట్ ఎన్నిసార్లు చేయించినా టైరు ఒక అంచునే తింటుంది. ఎడమ ఆర్మ్ సాధారణంగా కుడికి పట్టదు కాబట్టి, మీకు ఎడమది కావాలంటే కుడివైపు గుద్దుకున్న కారును వెతకండి. పల్టీ కొట్టిన కారైతే ఏదీ తీసుకోవద్దు. టైర్లు ఇంకా ఊడదీయకపోతే వాటి అరుగుదల చూడండి. నాలుగు టైర్లూ సమానంగా అరిగి ఉంటే ఆ కారు సస్పెన్షన్ సవ్యంగా ఉందనడానికి అంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.

నంబర్ ప్లేటు కూడా చదవండి. ఏపీ 02 అనంతపురం, ఏపీ 04 కడప, ఏపీ 21 కర్నూలు. ఇలాంటి పొడి ప్రాంతంలో తిరిగిన కారు ఇనుముకు తుప్పు తక్కువ. నెల్లూరు ఏపీ 26, విశాఖ ఏపీ 31, చెన్నై కార్లకు ఉప్పుగాలి తగిలి ఉంటుంది. ఎక్కడ రిజిస్టర్ అయినా వేరే చోట తిరిగి ఉండొచ్చు గానీ, కింద తుప్పును, ప్లేటును కలిపి చూస్తే లెక్క తేలిపోతుంది.

ఎక్కడ కొనాలన్నది కూడా దీన్ని బట్టే ఉంటుంది. మన ఊరి గుజిరీలో రకాలు తక్కువ. కానీ కారు నిలబడే ఉంటుంది, "ఏ బండిది భాయ్ ఇది?" అని అడిగితే చూపిస్తారు, సరిపోకపోతే మర్నాడు తీసుకెళ్లి మార్చుకోవచ్చు. అనంతపురం వాళ్లకు బెంగళూరు శివాజీనగర్ గుజిరీ 200 కిలోమీటర్ల పైచిలుకు. అక్కడ రకాలు ఎన్నో ఉంటాయి గానీ ఎక్కువగా విప్పి రాకుల్లో పేర్చినవే, ఏ కారువో తెలియదు. కడప వాళ్లు చెన్నై పుదుప్పేటకు వెళ్తారు. అక్కడ కావాల్సింది దొరుకుతుంది గానీ ఉప్పుగాలి, 2015, 2023 డిసెంబర్ వరదలు గుర్తుంచుకోవాలి. నీట మునిగిన కారు బేరింగ్, నకుల్ బయట తుడిచినా లోపల తుప్పు మిగిలే ఉంటుంది. మారుతి, శాంత్రో, ఇండికా లాంటి ఎక్కువ తిరిగిన కార్లకు నేను ఎప్పుడూ ఊళ్లోనే వెతుకుతాను. ఎక్కడ కొన్నా బిల్లు రాయించుకోండి. రాయనన్నాడంటే అది దొంగ బండి సామాను కావచ్చు, ఎంత చౌకైనా వదిలేయండి.

లాన్సర్, ఐకాన్, ఓపెల్ కోర్సా లాంటి కార్లు ఉన్నవాళ్ల సంగతి వేరు. కొత్త సామాను దొరకడమే కష్టం కాబట్టి వాళ్లకు చెన్నై ప్రయాణం దండగ కాదు. లాన్సర్ తిరువళ్లూరులో, ఐకాన్ మరైమలై నగర్‌లో తయారయ్యాయి, ఆ చుట్టుపక్కల కార్లూ సామానూ ఎక్కువే. ఆర్మ్‌లు పాతవి తెచ్చుకుని, కొలత చూసి బుష్‌లు లేత్ షాపులో కొత్తవి చేయించుకోవచ్చు.

రీకండిషన్ చేసిన షాకబ్జార్బర్లు వద్దు. కోసి, నూనె పోసి, మళ్లీ వెల్డింగ్ పెట్టినవి అవి. ఆన్‌లైన్‌లో పాత సామాను ముట్టుకుని చూడలేం కాబట్టి అదీ వద్దు. ఓమ్నీ, బొలెరో వెనక కమాన్ కట్టలకైతే గుజిరీ కన్నా హైవే మీద లారీలకు కమాన్ పని చేసే షాపే మేలు, విరిగిన ప్లేటు ఒక్కటే కొత్తది వేసి కట్ట బిగించి ఇస్తారు. వంపు పోయిన పాత ప్లేటును కాల్చి కొట్టించడం మాత్రం వద్దు, టెంపర్ సరిగా పట్టకపోతే కొన్నాళ్లకే మళ్లీ కూలబడుతుంది.

మా ఆల్టోకు ఎడమ నకుల్, వెనక స్ప్రింగుల జత ఊళ్లో గుజిరీవి, షాకబ్జార్బర్లు, బుష్‌లు, ముందు ఆర్మ్‌లు కొత్తవి. బిగించేటప్పుడు మెకానిక్‌ను ఒక్కటి అడగండి. ఆర్మ్ బుష్‌ల బోల్టులు కారు జాకీ మీద ఉండగా పూర్తిగా బిగించకూడదు. చక్రాలు నేల మీద ఆని, కారు బరువు పడ్డాకే బిగించాలి. గాలిలో ఉన్నప్పుడే బిగిస్తే కారు దిగగానే బుష్ మెలిపడి అలాగే ఉండిపోతుంది, కొత్త రబ్బరైనా తొందరగా చీలుతుంది. ఆ తర్వాత అలైన్‌మెంట్ చేయించి, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక బోల్టులు మళ్లీ ఒకసారి చూపించండి.